కృష్ణబిలం నీడ: గురుత్వ సిద్ధాంతాలకు ఒక పరీక్ష

కృష్ణబిలం చుట్టూ వెలిగే వేడి వాయువు నడుమ కనిపించే చీకటి బింబాన్ని ఆ బిలం నీడ అంటారు. ఈ నీడను కొలిచి ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతాన్నీ, దానికి పోటీగా వచ్చిన ఇతర గురుత్వ సిద్ధాంతాలనూ బేరీజు వేసే పరిశోధన 2019 తర్వాత ఊపందుకుంది. దాని వెనకున్న లెక్క మాత్రం నూరేళ్ల కిందటిది.

1916లో కార్ల్ ష్వార్జ్‌షీల్డ్ ఐన్‌స్టీన్ సమీకరణాలకు కనుగొన్న పరిష్కారం అచ్చయింది. తిరగని, గుండ్రటి బరువైన వస్తువు చుట్టూ గురుత్వం ఎలా ఉంటుందో అది చెబుతుంది. మరుసటి ఏడాదే గణితవేత్త డేవిడ్ హిల్బర్ట్, అలాంటి వస్తువు పక్కగా పోయే కాంతి కిరణం ఏమవుతుందో లెక్కగట్టాడు. ఒక హద్దు దాటి దగ్గరకొచ్చిన కిరణం ఇక బయటపడదు. ఆ హద్దే దూరం నుంచి చూసేవారికి నీడ అంచు. తిరగని బిలం విషయంలో నీడ వ్యాసం ఘటనా దిగంతం (దాటితే కాంతి కూడా వెనక్కి రాలేని సరిహద్దు) వ్యాసానికి దాదాపు 2.6 రెట్లు ఉంటుంది. బిలం ఎంత వేగంగా తిరిగినా నీడ సగటు కొలత ఎనిమిది శాతానికి మించి మారదు. అంటే ద్రవ్యరాశి, దూరం తెలిస్తే చాలు, నీడ ఎంతుండాలో సిద్ధాంతం ముందే చెప్పేస్తుంది. చెప్పినంత లేకపోతే సిద్ధాంతంలోనో, మనం వేసుకున్న అంచనాల్లోనో లోపం ఉన్నట్టే.

ఈ పరీక్ష కోసం అంత దూరం పోవలసిన పని ఉంది. 1919 సూర్యగ్రహణంలో నక్షత్ర కాంతి వంపును కొలిచి ఐన్‌స్టీన్‌ను నెగ్గించారు. కానీ సూర్యుడి అంచున గురుత్వం బలహీనం. దాని తీవ్రతను తెలిపే సంఖ్య పది లక్షల్లో రెండు పాళ్లే. కృష్ణబిలం అంచున అదే సంఖ్య ఒకటికి చేరువవుతుంది. బలహీన క్షేత్రంలో ఒకేలా నడిచే రెండు సిద్ధాంతాలు విడిపోతే గిడిపోతే అక్కడే విడిపోవాలి.

తిరిగే బిలం నీడ ఆకారాన్ని 1970ల తొలినాళ్లలో జేమ్స్ బార్డీన్ లెక్కించాడు. దాన్ని ఎవరైనా చూడగలరన్న ఆశ ఆయనకే లేదు. 1979లో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ పియెర్ లుమినే కంప్యూటర్‌తో లెక్కలు వేసి, ఆ అంకెల ఆధారంగా సిరా చుక్కలు పెట్టుకుంటూ చేత్తోనే బొమ్మ గీశాడు. 2000లో హైనో ఫాల్కే, ఫుల్వియో మెలియా, ఎరిక్ అగోల్ మన పాలపుంత నడుమనున్న సాజిటేరియస్ ఎ స్టార్ నీడను మిల్లీమీటరు రేడియో తరంగాలతో పట్టుకోవచ్చని చూపించారు. ఈ చరిత్రలో అసలు మలుపు అదేనని చెప్పాలి. అప్పటిదాకా కాగితం మీదున్న నీడకు ఒక చిరునామా దొరికింది.

ఆ పని ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ చేతుల్లో నెరవేరింది. 2017 ఏప్రిల్‌లో హవాయి, అరిజోనా, మెక్సికో, చిలీ, స్పెయిన్, దక్షిణ ధ్రువాల్లోని ఎనిమిది రేడియో టెలిస్కోపులు కలిసి పరిశీలించాయి. 2019 ఏప్రిల్ 10న ఎం87 గెలాక్సీలోని బిలం చిత్రం విడుదలైంది. వెలుగు వలయం వ్యాసం 42 మైక్రో ఆర్క్ సెకండ్లు. చంద్రుడి మీద పెట్టిన నారింజపండు భూమి నుంచి కనిపించేంత.

ఆ బిలం బరువు మీద అంతకుముందు తగవు ఉండేది. వాయువు కదలికలను బట్టి 350 కోట్ల సూర్యులన్నారు కొందరు, నక్షత్రాల కదలికలను బట్టి 620 కోట్లన్నారు మరికొందరు. వలయం కొలత రెండో లెక్కతో కుదిరింది. 2020లో దిమిత్రియోస్ సాల్టిస్ బృందం ఆ నక్షత్రాల లెక్కనే ఆధారంగా తీసుకుని, నీడ ఐన్‌స్టీన్ చెప్పిన కొలతకు 17 శాతం లోపు సరిపోతోందని తేల్చింది. దీంతో కొన్ని ప్రత్యామ్నాయాలకు దారి మూసుకుపోయింది. ఉదాహరణకు, మోయగలిగినంత విద్యుదావేశం మోసే బిలం నీడ మామూలు దానికంటే 23 శాతం చిన్నది. అది ఆ హద్దులో ఇమడదు.

అంతటితో ఐన్‌స్టీన్ గెలిచాడనుకోవడం తొందరపాటు. శామ్యూల్ గ్రాల్లా లేవనెత్తిన అభ్యంతరాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. టెలిస్కోపు చూసింది నీడ అంచును కాదు, వాయువు వెలుగును. ఆ వెలుగు నుంచి నీడ కొలతకు చేరడానికి వాడిన నమూనాలు ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్నే నమ్ముకుని తయారైనవి. పరీక్షించవలసిన సిద్ధాంతాన్నే కొలబద్దలో కలిపేస్తే తీర్పుకు ఎంత విలువ? చిత్రం రాకముందే, 2018లో, యోసుకె మిజునో తదితరులు ఇంకో హెచ్చరిక చేశారు. ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పే తిరిగే బిలాన్నీ (కెర్ బిలం), స్ట్రింగ్ సిద్ధాంతం నుంచి పుట్టిన డైలటాన్ బిలాన్నీ వాయువుతో సహా కంప్యూటర్‌లో నడిపి చూస్తే, అప్పటి పరికరాలకు అందే చిత్రాల్లో రెండింటినీ వేరుచేయడం దాదాపు అసాధ్యమని తేలింది.

సాజిటేరియస్ ఎ స్టార్ కొంత మెరుగైన ప్రయోగశాల. దాని ద్రవ్యరాశి సుమారు 40 లక్షల సూర్యులని, చుట్టూ తిరిగే నక్షత్రాలను దశాబ్దాలపాటు గమనించి రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్ బృందాలు విడివిడిగా నిర్ధారించాయి. 2020 నోబెల్ బహుమతిలో వారిద్దరికీ వాటా దక్కింది. చిక్కల్లా దాని చుట్టూ వాయువు నిమిషాల్లో రూపు మార్చుకోవడమే. అందుకే చిత్రం 2022 మే 12 దాకా ఆగింది. వలయం దాదాపు 52 మైక్రో ఆర్క్ సెకండ్లు. నీడ కొలత సిద్ధాంతంతో పది శాతం అటూఇటూగా సరిపోయింది. రెండు బిలాల బరువుల్లో 1600 రెట్ల తేడా. అయినా రెండూ ఒకే సూత్రానికి లొంగాయి. 17 శాతమనే అంకె కంటే ఈ సంగతే ఎక్కువ విలువైనది. బిలం పరిమాణాన్ని బట్టి నడక మార్చుకునే గురుత్వ సిద్ధాంతం ఏదైనా ఇక దీనికి జవాబు చెప్పుకోవాలి.

మిగిలిన సందేహాలు తీరాలంటే ఫోటాన్ వలయాన్ని విడిగా చూడాలి. బిలం చుట్టూ అర చుట్టో అంతకంటే ఎక్కువో తిరిగి వచ్చిన కాంతి కట్టే సన్నని వలయమది. దాని ఆకారం వాయువు మీద తక్కువగా, గురుత్వం మీద ఎక్కువగా ఆధారపడుతుంది కాబట్టి గ్రాల్లా అభ్యంతరానికి నిజమైన సమాధానం అక్కడే దొరకాలి. భూమి వ్యాసమంత విస్తరించిన టెలిస్కోపుల జాలానికి కూడా అది స్పష్టంగా అందడం కష్టం కనుక, అంతరిక్షంలోకి ఒక రేడియో టెలిస్కోపును పంపే ప్రతిపాదనలు నడుస్తున్నాయి. భూమి మీది టెలిస్కోపులు కూడా పదును పెంచుకుంటున్నాయి: అంతవరకు 230 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసిన ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ బృందం 345 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా సుదూర గెలాక్సీల సంకేతాలను పట్టుకున్నట్టు 2024 ఆగస్టులో ప్రకటించింది.