తెరకీ పిల్లలకీ మధ్య

రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాకానో, నాగ్‌పూర్ హైవే మీద మేడ్చల్ దాకానో ఓసారి వెళ్ళి చూడండి. నల్సార్, బిట్స్ పిలానీ, జీనోమ్ వ్యాలీ అన్నీ ఈ చుట్టుపక్కలే. దారి పొడుగునా ప్రైవేటు స్కూళ్ళ ఫ్లెక్సీలు. డిజిటల్ క్లాస్‌రూమ్, స్మార్ట్ బోర్డ్, ఏసీ బస్సు. తెర గురించి అంత పెద్ద అక్షరాల్లో చెప్పేవాళ్ళు, ఆ తెర పక్కన నిలబడే టీచర్ గురించి ఒక్క ముక్క రాయరు. మన దగ్గర ఈ కథ మొదలైనప్పుడు మాత్రం ఇలా లేదు.

1975 నాటికి రంగారెడ్డి జిల్లా ఇంకా పుట్టలేదు, మేడ్చల్ హైదరాబాద్ జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఆగస్టు 1న ఇస్రో, నాసా కలిసి ‘సైట్’ అనే ప్రయోగం మొదలుపెట్టాయి. నాసా అరువిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్ళకి టీవీ ప్రసారాలు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ళ గూళ్ళకి కొట్టే జాలీ లాంటి దానితో చేసిన యాంటెనాలు బిగించి, పొద్దున బడిపిల్లలకి, సాయంత్రం ఊరందరికీ కార్యక్రమాలు చూపించేవారు. ప్రసారమైన నాలుగు భాషల్లో తెలుగు కూడా ఉంది.

అందరికీ గుర్తున్నది ఊరి మధ్యలో టీవీ ముందు కూర్చున్న జనం ఫోటోలే. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి. ఆ ఏడాదిలోనే ప్రాథమిక బడుల్లో సైన్సు చెప్పే సుమారు 50 వేలమంది టీచర్లకి 12 రోజుల చొప్పున శిక్షణ ఇచ్చారు. టీవీ పాఠం ఒక భాగమే. దానితోపాటు రేడియో, అచ్చు పుస్తకాలు, చేతులతో చేసి చూసే ప్రయోగాలు, చర్చలు ఉండేవి. తెర చూపిస్తుంది, అంతే. అడిగితే బదులు చెప్పలేదు. ఆ పని మనిషే చెయ్యాలని వాళ్ళు ముందే లెక్క వేసుకున్నారు. 1976 జూలై 31తో ప్రయోగం ముగిసి ఉపగ్రహం వెనక్కి వెళ్ళిపోయింది. కానీ టీచర్ చేతికి వచ్చిన పని ఉపగ్రహంతో పోదు కదా.

2008 నాటికి లెక్క మారింది. ఉమ్మడి రాష్ట్రంలో 5,000 ప్రభుత్వ హైస్కూళ్ళకి కంప్యూటర్లు వచ్చాయి. ప్రైవేటు సంస్థలతో ఐదేళ్ళ ఒప్పందం. కంప్యూటర్లూ వాళ్ళవే, చెప్పేవాళ్ళూ వాళ్ళ మనుషులే. ఒప్పందం తీరాక ఆ ఇన్‌స్ట్రక్టర్లు రోడ్డున పడ్డారు. లెక్కల సారూ, సైన్సు మేడమూ ఎక్కడ ఉన్నవాళ్ళు అక్కడే. నైపుణ్యాన్ని బడిలో పెంచకుండా బయటినుంచి అద్దెకి తెచ్చుకుంటే, అద్దె గడువు తీరిన రోజున అదీ ఖాళీ చేసి వెళ్తుంది.

2020లో దీని ఖరీదు తెలిసింది. ఆ వేసవిలో మేడ్చల్ హైవే మీద వలస కూలీలు ఉత్తరాదికి నడిచి వెళ్ళడం చూశాం. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ళలో 3 నుంచి 10వ తరగతి దాకా పాఠాలు మొదలయ్యాయి. కానీ ఇంట్లో ఒకటే ఫోను, అది నాన్నతోపాటు పనికి పోతుంది. ఇంట్లో మాట్లాడేది ఒడియానో హిందీనో అయితే తెలుగు పాఠం ఎంతవరకు ఎక్కుతుంది? ఏ పిల్లాడు పాఠం చూశాడు, ఎవరు చూడలేదు, ఎవరు అసలు ఊళ్ళోనే లేరు అనేది ఏ ఛానెల్‌కీ తెలియదు. క్లాసు టీచర్‌కి తెలుస్తుంది.

ఇప్పుడు శిక్షణకి కొదవ లేదు. 2017లో దీక్షా పోర్టల్, 2019లో నిష్ఠ, మరుసటేడు అదీ ఆన్‌లైన్లోకి వచ్చేసింది. వీడియో చూడు, క్విజ్ రాయి, సర్టిఫికెట్ తీసుకో. సర్టిఫికెట్లు లెక్కపెట్టడం సులువు. ‘ఈ వీడియో నా క్లాసుకి పనికిరాదు, ఇంకోలా చెప్తాను’ అనగల టీచర్లు ఎంతమందో ఎలా లెక్కపెడతారు?

డిజిటల్ నాయకత్వం అంటే పెద్ద మాటేం కాదు. కంప్యూటర్ గది తాళం ఎవరి దగ్గర ఉండాలో హెడ్‌మాస్టర్ తీసుకునే నిర్ణయమే అది. పాడైతే జీతంలో కోస్తారన్న భయం లేకుండా టీచర్ ఆ మెషీన్‌ని విప్పి చూడగలగడం. వారానికో గంట టీచర్లంతా కూర్చుని, ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదని మాట్లాడుకోవడం. 1975లో 12 రోజుల్లో కొంతైనా జరిగింది ఇదే. అప్పుడు సిగ్నల్ అంతరిక్షం నుంచి రావాల్సివచ్చింది. ఇప్పుడు జేబులో ఉంది. టైమ్‌టేబుల్లో ఆ గంట మాత్రం ఇంకా దొరకడం లేదు.