సిలబస్‌లో లేని సబ్జెక్టు

1938 చివర్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లో ఒక పాట దగ్గర గొడవ మొదలైంది. హిందూ విద్యార్థులు ప్రార్థన గదిలో వందేమాతరం పాడుతున్నారు. అధికారులు వద్దన్నారు. పాడి తీరతామన్నారు కుర్రాళ్లు. వందల మందిని కాలేజీల నుంచి గెంటేశారు. వాళ్లను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. సెగ వరంగల్ దాకా పాకి, అక్కడి విద్యార్థి పాములపర్తి వేంకట నరసింహారావు చదువు మీదా పడింది. ఆయన లా పూర్తిచేసింది నాగపూర్‌లోనే.

తమాషా ఏమిటంటే, విధేయులైన పౌరులను తయారు చేయడానికి ఉస్మానియాలో చేయని ఏర్పాటు లేదు. 1918లో నిజాం ప్రభుత్వం ఉర్దూ మాధ్యమంలో దాన్ని నెలకొల్పింది. పాఠ్యపుస్తకాల కోసం ప్రత్యేకంగా అనువాద శాఖనే పెట్టింది. ముస్లిం విద్యార్థులకు మతశాస్త్రం, మిగిలినవాళ్లకు నీతిశాస్త్రం తప్పనిసరి. ఇంత జాగ్రత్తపడ్డా అక్కడ ఉర్దూ ఎం.ఎ. చేసిన మఖ్దూం మొహియుద్దీన్ సిటీ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసి కమ్యూనిస్టు పార్టీలోకి వెళ్లారు. పాఠం ఎటు లాగిందో గానీ, పిల్లలు మాత్రం అటు పోలేదు.

కాలేజీకి వెళ్తే కుర్రాడి రాజకీయం మారుతుందా అన్న ప్రశ్నను తొలిసారి లెక్కలతో తేల్చాలని చూసినవాళ్లలో అమెరికన్ సామాజిక మనస్తత్వవేత్త థియోడర్ న్యూకాంబ్ ఒకరు. 1930లలో బెన్నింగ్టన్ అనే మహిళా కళాశాలలో ఆయన అధ్యయనం సాగింది. అక్కడ చేరినవాళ్లలో ఎక్కువమంది డబ్బున్న, రిపబ్లికన్ కుటుంబాల పిల్లలు. 1936 అధ్యక్ష ఎన్నికల్లో మొదటి ఏడాది విద్యార్థినుల్లో 62 శాతం రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ వైపు ఉంటే, మూడు, నాలుగో ఏడాదివాళ్లలో అటు మొగ్గింది 15 శాతమే. కాలేజీలో అధ్యాపకుల గాలీ ఉంది, సీనియర్ల మెప్పు కోసం తాపత్రయమూ ఉంది. మనసంతా ఇంటి దగ్గరే ఉంచుకున్న అమ్మాయిలు పెద్దగా మారలేదు. క్లాసు అందరికీ ఒక్కటే, ఫలితం మాత్రం ఎవరి సావాసాన్ని బట్టి వాళ్లకు.

మన దగ్గర ఆ సావాసానికి చోటు హాస్టలు. ఉద్యోగాలు స్థానికులకే దక్కాలన్న 1952 ముల్కీ ఆందోళనలో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. 1969లో తెలంగాణ ఉద్యమాన్ని ఉస్మానియా విద్యార్థులు భుజానికెత్తుకున్నారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి 14 స్థానాల్లో 10 గెలిచిందంటే ఆ ఊపు అర్థమవుతుంది. మరుసటి ఏడాది జై ఆంధ్ర ఉద్యమం. ఈ రెండింటి తర్వాత కుదిరిన ఆరు సూత్రాల ఒప్పందం వల్లే 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పుట్టింది. విద్యార్థులు రాజకీయం చేస్తే ఒక విశ్వవిద్యాలయమే వచ్చింది!

ఆ దశాబ్దం నెత్తుటిది కూడా. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా ఇంజనీరింగ్ హాస్టల్లో జార్జిరెడ్డిని పొడిచి చంపారు. ఆయన భౌతికశాస్త్రంలో బంగారు పతకం అందుకున్నవాడు. వరంగల్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. యంత్రాలు, కరెంటు, కట్టడాలు తప్ప మరో మాట లేని చదువు అది. సూరపనేని జనార్దన్, చెరుకూరి రాజ్‌కుమార్, నంబాల కేశవరావు చదివింది అక్కడే. జనార్దన్ 1975లో గిరాయిపల్లి ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. మిగతా ఇద్దరూ మావోయిస్టు పార్టీ అగ్రనాయకులయ్యారు. రాడికల్ విద్యార్థులు వేసవి సెలవుల్లో జట్లుగా పల్లెలకు వెళ్లేవాళ్లు. వాళ్లకు అసలు పాఠం అక్కడ దొరికిందనుకోవాలి.

అవే రోజుల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లా చదువుతూ ఏబీవీపీలో ఎదిగిన వెంకయ్యనాయుడు 1973-74లో అక్కడి విద్యార్థి సంఘానికి అధ్యక్షుడు.

1969 ఆందోళన మరో కుర్రాణ్ణి ఢిల్లీకి పంపింది. హైదరాబాద్‌లో చదువు కుదరక వెళ్లిన సీతారాం ఏచూరి జేఎన్‌యూలో చేరి, మూడుసార్లు విద్యార్థి సంఘం అధ్యక్షుడయ్యారు. ఆ క్యాంపస్‌లో రాత్రి భోజనాలయ్యాక మెస్ బల్లల చుట్టూ కుర్చీలు జరుపుకుని సభ పెట్టేవాళ్లు. కరపత్రాలు గది తలుపుల కింద నుంచి లోపలికి వచ్చేవి. విద్యార్థి సంఘం ఎన్నికలను విద్యార్థులే నడుపుకునేవాళ్లు. ఎర్రజెండా కోట అని దానికి పేరు. అక్కడే ఎం.ఎ. చదివిన నిర్మలా సీతారామన్ బీజేపీ ఆర్థికమంత్రి. ఆమెకు జేఎన్‌యూలోనే పరిచయమైన భర్త, నర్సాపురం వాసి పరకాల ప్రభాకర్ ఆ ప్రభుత్వ ఆర్థిక విధానాలను పుస్తకం రాసి మరీ విమర్శించారు. క్యాంపస్ మనిషిని ఒకే అచ్చులో పోస్తుందనేవాళ్లు ఈ ఇంటికి ఏం సమాధానం చెబుతారో!

1980ల చివర్లో హత్యలు, కొట్లాటలు చూపించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆపేశారు. దేశంలో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది 1989లో. అసెంబ్లీకి ఓటు వేసే హక్కు చేతికొచ్చేసరికి కాలేజీలో ఓటు పోయిందన్నమాట. ఎంసెట్, ర్యాంకులు, ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు ఆ ఖాళీని నింపేశాయి. ఇక పిల్లలు రాజకీయం జోలికి పోరని పెద్దలు ఊపిరి పీల్చుకున్నారు.

2009 నవంబరులో తెలంగాణ రాష్ట్రం కోసం కేసీఆర్ నిరాహారదీక్ష మొదలవడంతోనే ఉస్మానియా మళ్లీ భగ్గుమంది. ఇరవై ఏళ్లుగా ఎన్నికలు చూడని క్యాంపస్ అది. ఈసారి అధ్యాపకులూ ముందున్నారు. రాజకీయ జేఏసీ పగ్గాలు రాజనీతిశాస్త్రం చెప్పే కోదండరామ్ చేతిలో ఉన్నాయి. ప్రొఫెసర్లు పిల్లల్ని చెడగొడుతున్నారని అప్పుడూ అన్నారు. కానీ ఉద్యోగాలు, నీళ్ల గురించి ఆ పిల్లలు ఇళ్లలో వింటూనే పెరిగారు.

ఎన్నికలు ఆగని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కథ వేరు. 1990లలో అక్కడ అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పుట్టి, కుడి-ఎడమల మధ్య మూడో దారి తెరిచింది. అక్కడి పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఎస్ఎఫ్ఐ నుంచి దానిలోకే మారారు. 2018 విద్యార్థి సంఘం ఎన్నికల్లో ఏబీవీపీ గెలిచింది. ఏడాది తిరిగేసరికి ఎస్ఎఫ్ఐ, అంబేడ్కర్ విద్యార్థుల కూటమి ఆ సంఘాన్ని చేజిక్కించుకుంది. ఆ ఏడాదిలో సిలబస్ ఏమీ మారలేదు.