ఓటు మక్తల్‌కు.. పాలన వనపర్తికి
రెండు జిల్లాల నడుమ ఆత్మకూరు ఓటర్లు

ఆత్మకూరు: కలెక్టరుకు అర్జీ ఇవ్వాలంటే వనపర్తికి వెళ్లాలి. ఎమ్మెల్యేను ఎన్నుకునేది మాత్రం నారాయణపేట జిల్లాలోని మక్తల్ నియోజకవర్గానికి. ఎంపీ విషయానికి వస్తే ఇక్కడి ఓటు మహబూబ్‌నగర్ లోక్‌సభ స్థానానిది. జిల్లా కేంద్రమైన వనపర్తిది నాగర్‌కర్నూల్ స్థానం. ఆత్మకూరు, అమరచింత మండలాల పరిస్థితి ఇది. రాష్ట్ర మూడో శాసనసభ 2023 డిసెంబరు 9న తొలిసారి సమావేశమైంది. అయిదేళ్ల గడువు ప్రకారం 2028 చివరికల్లా మళ్లీ ఎన్నికలు జరగాల్సి ఉండటంతో ఈ చిక్కు మరోసారి ముందుకు రానుంది.

అమరచింత కనుమరుగు

ఒకప్పుడు ఈ ప్రాంతానికి సొంత నియోజకవర్గం ఉండేది. ఆత్మకూరు కేంద్రంగా సాగిన అమరచింత సంస్థానం పేరే దానికీ ఉండేది. 1994, 1999 ఎన్నికల్లో ఇక్కడి నుంచి తెలుగుదేశం అభ్యర్థి కొత్తకోట దయాకర్‌రెడ్డి, 2004లో కాంగ్రెస్ అభ్యర్థి స్వర్ణ సుధాకర్‌రెడ్డి గెలుపొందారు. అదే చివరి ఎన్నిక. 2008 నాటి పునర్విభజనలో అమరచింత రద్దయింది. దేవరకద్ర కొత్తగా ఏర్పడగా ఆత్మకూరు మండలం మక్తల్‌లో కలిసింది. నియోజకవర్గానికి పేరిచ్చిన అమరచింత అప్పటికి ఆత్మకూరు మండలంలో ఓ గ్రామమే. అది మండలమైంది 2016లో, అంటే నియోజకవర్గం పోయిన తర్వాత!

మక్తల్‌లో చేరిన తొలి ఎన్నికలో, 2009లో, దయాకర్‌రెడ్డే విజయం సాధించారు. 2014లో కాంగ్రెస్ నుంచి, 2018లో తెరాస నుంచి చిట్టెం రామ్మోహన్‌రెడ్డి గెలిచారు. 2023లో కాంగ్రెస్ అభ్యర్థి వాకిటి శ్రీహరి ఆయనను 17 వేలకు పైగా ఓట్ల ఆధిక్యంతో ఓడించి, 2025 జూన్ 8న మంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు.

జిల్లాలు మారాయి.. హద్దులు మారలేదు

మక్తల్‌లో కలిపినప్పుడు అంతా ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాయే కనుక ఇబ్బంది కనిపించలేదు. 2016 అక్టోబరు 11న వనపర్తి జిల్లా, 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా ఏర్పడటంతో చిక్కు మొదలైంది. జిల్లాల సరిహద్దులను రాష్ట్ర ప్రభుత్వం మార్చగలదు. నియోజకవర్గాల హద్దులు మారాలంటే పునర్విభజన జరగాలి. ఆత్మకూరు జడ్పీటీసీ స్థానం వనపర్తి జిల్లా పరిషత్తులో ఉండగా, శాసనసభ్యుడి నియోజకవర్గంలోని మిగతా మండలాలు నారాయణపేట జిల్లాలో ఉన్నాయి. రోడ్డుకైనా, సాగునీటికైనా ఒకే ఎమ్మెల్యే ఇద్దరు కలెక్టర్లతో మాట్లాడాల్సి వస్తోంది. నియోజకవర్గం చివరన ఉన్న మండలాలకు ఇది నష్టమే. జూరాల జలాశయం చెంతనే ఉన్న ఈ ప్రాంతానికి సాగునీరు చిన్న విషయం కాదు.

పెంపు ఆశ

2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టంలోని 26వ సెక్షన్ తెలంగాణ శాసనసభ స్థానాలను 119 నుంచి 153కు పెంచాలని పేర్కొంది. స్థానాలు పెరిగితే పాత నియోజకవర్గం తిరిగి వస్తుందన్న ఆశకు ఇదే ఆధారం. అయితే రాజ్యాంగంలోని 170వ అధికరణం 2026 తర్వాతి తొలి జనగణన వరకు మార్పునకు అడ్డుగా నిలిచింది. పెంపు కోరుతూ దాఖలైన పిటిషన్‌ను 2025 జులై 25న సుప్రీంకోర్టు కొట్టివేసింది. జనగణన, ఆపై పునర్విభజన 2028లోపు పూర్తికాకుంటే ఆత్మకూరు ఓటరు మరోసారి మక్తల్ అభ్యర్థులకే ఓటేయాలి.

ఓటరు నమోదులోనూ జాగ్రత్త అవసరం. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీల్లో ఏదో ఒకనాటికి 18 ఏళ్లు నిండినవారు ఫారం-6తో పేరు నమోదు చేయించుకోవచ్చు. చిరునామా మార్పు, తప్పుల సవరణకు ఫారం-8 ఉంది. సొంత జిల్లా వనపర్తి కదా అని వనపర్తి నియోజకవర్గాన్ని ఎంచుకోరాదు. నియోజకవర్గం వద్ద మక్తల్ అనే నమోదు చేయాలి. సందేహాలుంటే బూత్ స్థాయి అధికారిని గానీ 1950 నంబరును గానీ సంప్రదించవచ్చు.