ఆంగ్ల పదబంధ క్రియలు

ఆంగ్ల భాషలో క్రియకు అప్, ఆఫ్, ఇన్, డౌన్ వంటి చిన్న పదం చేరి, తరచుగా వాటి విడి అర్థాలకు పొంతన లేని కొత్త అర్థం నిచ్చే కూర్పును '''పదబంధ క్రియ''' అంటారు. 'గివ్' అంటే ఇచ్చుట; 'గివ్ అప్' అంటే మానివేయుట, 'గివ్ ఇన్' అంటే లొంగిపోవుట.

ఈ పద్ధతి తెలుగువారికి కొత్తది కాదు. 'కనిపెట్టు' అన్న మాటలో పెట్టడం లేదు. 'ఎత్తిపొడుచు'లో ఎత్తడమూ లేదు, పొడవడమూ లేదు. విద్యార్థులకు మొదట ఈ పోలిక చూపితే సగం భయం పోతుంది.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుండి 1-8 తరగతులకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు. ఇంట్లో ఆంగ్లం వినని పిల్లలకు నిఘంటువే దిక్కు. 'ద బస్ బ్రోక్ డౌన్ నియర్ ముస్తాబాద్' అన్న వాక్యాన్ని మాటకు మాటగా చూస్తే బస్సు విరిగి కిందపడినట్లు తోస్తుంది. నిజానికి అది చెడిపోయి ఆగింది, అంతే.

== వాడుకలో పొరపాట్లు ==
మన విభక్తులను ఆంగ్లంలోకి మోసుకుపోవడం వల్ల చాలా తప్పులు వస్తాయి. 'గురించి' అలవాటుతో 'డిస్కస్ ఎబౌట్' అంటారు. 'డిస్కస్ ద మ్యాటర్' చాలు. 'తో' వల్ల 'మ్యారీడ్ విత్' అంటారు. 'మ్యారీడ్ టు' సరైనది.

సర్వనామం వచ్చినప్పుడు మరింత జాగ్రత్త అవసరం. వాయిదా వేయుటకు 'పుట్ ఆఫ్ ద మీటింగ్', 'పుట్ ద మీటింగ్ ఆఫ్' రెండూ ఒప్పే. కాని 'ఇట్' వస్తే 'పుట్ ఇట్ ఆఫ్' మాత్రమే. 'లుక్ ఆఫ్టర్' ఇలా విడిపోదు. 'లుక్ ఆఫ్టర్ హర్' అనాలి.

చదువు పూర్తిచేశానని చెప్పడానికి మన దేశంలో 'పాస్డ్ అవుట్' అంటారు. బ్రిటన్, అమెరికాలలో సాధారణంగా దానికి అర్థం స్పృహ తప్పడం. అక్కడి ఉద్యోగాలకు దరఖాస్తు చేసేవారు 'గ్రాడ్యుయేటెడ్' అని రాయడం మంచిది.