కీవ్ నుంచి లేచిన కల

కొత్త కోడలు గుమ్మంలో అడుగు పెడుతుంటే వీధంతా తొంగి చూస్తుంది చూడండి, కొత్త విమానం తొలిసారి లేచినప్పుడూ అంతే!

1988 డిసెంబరు 21న కీవ్‌లోని ఫ్యాక్టరీ రన్‌వే మీంచి ఆంటొనోవ్-225 అలా లేచింది. ఆరు జెట్ ఇంజన్లు, 32 చక్రాలు, ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకి 88 మీటర్ల పైచిలుకు! ఇంత భారీకాయానికీ పెట్టిన పేరు 'మ్రియా'. ఉక్రెయిన్ భాషలో 'కల' అని అర్థం. ఎవరు పెట్టారో గాని రసికులే.

నేలమీంచి చూసేవాళ్ళకి వింతగా తోచేది దాని తోక. నిలువు రెక్క మధ్యలో ఒకటి కాకుండా, చివర్లలో చెరొకటి. బురాన్ అనే రోదసీ నౌకని వీపున మోయాలి కదా! ఆ నౌక వెనక సుడులు తిరిగే గాలి మధ్యలోని తోకని కుదిపేస్తుంది. 1989లో పారిస్ ప్రదర్శనకి దాన్ని మోసుకునే వెళ్ళింది.

సోవియట్ దేశం పోయింది, బురాన్ పనీ పోయింది. ఇంటి ఆడపడుచు నగలు తీసి తక్కినవాళ్ళకి సర్దినట్టు, దీని ఇంజన్లు ఊడదీసి ఆంటొనోవ్-124లకి వాడుకున్నారు. 2001లో మళ్ళీ లేచి, సరుకులు మోసి బతికింది. 2016 మేలో పెర్త్‌కి జనరేటర్ మోసుకెళ్తూ మన శంషాబాద్‌లోనూ దిగింది.

2022లో హోస్టొమెల్ యుద్ధంలో ధ్వంసమైపోయింది. దాని చెల్లెల్ని కట్టడం మొదలుపెట్టారు గాని, అది ఎగరనేలేదు.