నవోమీ ఉయెమురా

నవోమీ ఉయెమురా (1941–1984) ఉత్తర ధ్రువాన్ని తొలిసారి ఒంటరిగా చేరిన జపాన్ సాహసయాత్రికుడు, పర్వతారోహకుడు. హ్యోగో ప్రాంతంలో ఫిబ్రవరి 12న జన్మించాడు. మెయిజీ విశ్వవిద్యాలయంలో పర్వతారోహణ నేర్చాడు. 1968లో తెప్పపై అమెజాన్ నదిలో ఒంటరిగా ప్రయాణించాడు. 1970 మే 11న తెరువో మత్సురాతో కలిసి ఎవరెస్టు ఎక్కాడు. ఆ శిఖరం చేరిన తొలి జపనీయులు వీరే. అదే ఏడు ఆగస్టులో అలాస్కాలోని 6,190 మీటర్ల డెనాలీని ఒంటరిగా అధిరోహించాడు.

1978లో కుక్కలబండిపై ధ్రువయాత్ర సాగించాడు. నాలుగో రోజున ధ్రువపు ఎలుగుబంటి గుడారంపై పడి ఆహారం తినేసింది. ఉయెమురా నిద్రసంచిలో కదలక పడుకుని బతికాడు. మర్నాడు అది తిరిగి రాగా కాల్చి చంపాడు.

మంచు పగుళ్లలో జారిపడకుండా డెనాలీపై వెదురు గడలను ఒంటికి అడ్డంగా కట్టుకుని నడిచేవాడు. 1984లో తన 43వ పుట్టినరోజున శీతాకాలంలో ఆ శిఖరాన్ని ఒంటరిగా ఎక్కిన మొదటి వ్యక్తి అయ్యాడు. మర్నాడు రేడియోలో మాట్లాడాక జాడ తెలియలేదు. మంచు గుహలో దినచర్య పుస్తకం దొరికింది, మృతదేహం దొరకలేదు.