పెన్షను హక్కు - పట్నవాసంలో పరాధీనం

పెన్షను ప్రభుత్వం దయతలచి వేసే ముష్టి కాదనీ, ఉద్యోగి చేసిన సేవకు దక్కిన ఆస్తి అనీ సుప్రీంకోర్టు 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో తేల్చినది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో జస్టిస్ వై.వి. చంద్రచూడ్ అధ్యక్షతన గల అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకో అడుగు వేసింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, ఆనాటి నుంచి రిటైరైనవారికి మరొక లెక్క చెల్లదన్నది. ఆ తేదీనే మనం పెన్షనర్ల దినోత్సవం జరుపుకొంటున్నాము.

వీటికి చాలా ముందే, తెల్లదొరల హయాంలో వచ్చిన 1871 నాటి పింఛనుల చట్టం అప్పులవాడు మన పెన్షనును జప్తు చేయించకుండా కట్టుబాటు చేసింది. చిత్రమేమంటే, అప్పులవాడు తాకలేని ఆ పైకం కన్నబిడ్డల చేతికి మాత్రం ఇట్టే పోతుంది.

పెద్దమండ్యం వంటి మెట్ట ఊళ్ళలో ఉన్నంతకాలం ఈ చిక్కు అంతగా తెలియదు. సొంత ఇల్లు, ఎరిగిన అంగడి, పిలిస్తే పలికే మనుషులు. పిల్లలు ఉద్యోగాలకని బెంగుళూరు చేరుతారు. దంపతులలో ఒకరు పోయాక మిగిలినవారూ అక్కడికే వెళ్ళవలసి వస్తుంది. అక్కడ బ్యాంకుకు పోవాలన్నా తోడు కావాలి. ఏ.టి.ఎం. కార్డు కొడుకు జేబులో, ఓ.టి.పి. వచ్చే ఫోను మనవడి చేతిలో. ఎవరూ చెడ్డవారు కారు. అయినా కూతురికి పండుగకు పెట్టదలచిన అయిదు వందలు, తన పెన్షనులోంచే, అడిగి తీసుకోవాలి.

ఊళ్ళోని ఇల్లు పిల్లల పేర రాసేస్తే సంగతి మరీ కష్టం. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను ప్రకారం, చూసుకుంటామన్న షరతుపై ఆస్తి పొంది చూడనివారి పత్రాన్ని ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. ఆర్.డి.ఓ. స్థాయికి తగ్గని అధికారి దానికి అధ్యక్షుడు. అయితే ఆ షరతు ఉన్నట్లు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో అన్నది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో తల్లి ఇచ్చిన దానపత్రాన్ని రద్దు చేసినప్పుడు, కడదాకా చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన కాగితం ఆమెకు అక్కరకు వచ్చింది. కనుక రాయదలచినవారు ఆ షరతును దస్తావేజులోనే రాయించండి. నోటిమాట కోర్టులో నిలవడం కష్టం.

ఇదంతా నిండు పెన్షను ఉన్నవారి మాట. 1995 నవంబరు 16న మొదలైన ప్రావిడెంటు ఫండు పెన్షను పథకం కింద రిటైరైనవారికి 2014 సెప్టెంబరు నుంచి కనీసం నెలకు 1,000 రూపాయలని నిర్ణయించారు. దానికి కరువు భత్యం లేదు. 2004 సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్ర ప్రభుత్వోద్యోగంలో చేరినవారు సి.పి.ఎస్. కిందికి పోయారు. నకారా తీర్పు వెలువడిన 22 ఏళ్ళకే.